రామచందర్ చెప్పని తారీఖు

నాంపల్లి స్టేషన్ దాటి అబిడ్స్ వైపు నడుస్తుంటే వచ్చే దుకాణాల వరసలో రామచందర్ కాంటాల దుకాణం ఒకటి. బంగారం తూచే చిన్న తరాజు నుంచి బియ్యం బస్తాలు తూచే ఇనుప కాంటా దాకా అక్కడ అన్నీ దొరుకుతాయి. మనుషుల మీద నమ్మకం ఒక్కటే దొరకదు. అందుకు ఆయన్ని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. ఇన్నేళ్లలో ఆ దుకాణం మెట్లెక్కిన ప్రతివాడూ, బేగం బజార్ పప్పుల వ్యాపారి అయినా, అఫ్జల్‌గంజ్‌లో ఉల్లిగడ్డలమ్మేవాడైనా, బేరం కుదిరాక అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి ఒకటే మాట అడిగేవాడు.

"సేఠ్, జర తేడా పెట్టి ఇస్తవా?"

రామచందర్ ఏనాడూ పెట్టి ఇవ్వలేదు. ఆ మాట గొప్పగా చెప్పుకునేవాడు కూడా. కానీ అడగని మనిషి ఒక్కడూ తగల్లేదు. నుదుటి నిండా విభూతి పెట్టుకున్న పెద్దమనిషీ అడిగాడు, పొద్దున్నే గుడికి పోయి ప్రసాదం పట్టుకొచ్చి చేతిలో పెట్టిన ఆవిడా అడిగింది. దాంతో లోకంలో అందరూ తేడా పెట్టేవాళ్లేనని ఆయనకు రూఢి అయిపోయింది. ఇంటికి గ్యాస్ బండ వస్తే గుమ్మంలోనే కాంటా ఎక్కేది. చక్కెర పొట్లం కాంటా ఎక్కేది. ఆఖరుకు దవాఖానలో పుట్టిన మనుమణ్ని ఇంటికి తెచ్చిన రోజు, వాళ్లు కాగితం మీద రాసిన బరువు నిజమో కాదోనని పసివాణ్ని కూడా మెత్తటి తువ్వాలలో చుట్టి తూచాడు. సరిగ్గానే ఉంది. అయినా ఆయనకు తృప్తి కలగలేదు.

"పిల్లగాని బరువుల తేడా పెడితే దవాఖానోళ్లకు ఏమొస్తదండీ?" అంది విద్యావతి. ఆయన భార్య. చాదర్‌ఘాట్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. భర్తతో వాదిస్తే లాభం లేదని పెళ్లయిన కొత్తలోనే తేల్చుకుంది.

అలాంటి ఇంటికి అల్లుడుగా ఒక జపాన్ మనిషి వచ్చాడంటే, పాపం ఎవరి గ్రహాలు బాగాలేవో చెప్పడం కష్టం.

పేరు నవోకి. ఏదో యంత్రాల కంపెనీ పంపితే హైదరాబాద్ వచ్చాడు. కంపెనీ ఇక్కడి ఆఫీసు ఎత్తేసి తనవాళ్లందరినీ వెనక్కి పిలిపించుకుంది. ఇతను మాత్రం పోలేదు. అబిడ్స్‌లో మేడ మీద ఒక గది కిరాయికి తీసుకుని, సాఫ్ట్‌వేర్ పిల్లలకు జపనీస్ నేర్పడం మొదలుపెట్టాడు. అక్కడ నేర్చుకోవడానికి పోయింది రామచందర్ ఒక్కగానొక్క కూతురు మృదుల. భాష ఎంత నేర్చుకుందో గానీ, రెండో ఏడు తిరక్కుండానే ఇద్దరూ రిజిస్టర్ ఆఫీసులో దండలు మార్చుకున్నారు. వేరే ఇల్లు చూసుకుంటామని వాళ్లంటే విద్యావతి ఒప్పుకోలేదు. పై వాటా ఖాళీగానే ఉంది కదా అంది. అలా నవోకి నాంపల్లి గల్లీలో ఇల్లరికం అల్లుడయ్యాడు.

వచ్చిన అల్లుడు చెడ్డవాడై ఉంటే రామచందర్‌కు ఇంత బాధ ఉండేది కాదు. నవోకి చెప్పులు వరసగా పెట్టేవాడు, అత్తగారు కారం దట్టించిన పచ్చడి పెడితే కళ్లలో నీళ్లు తిరుగుతున్నా "మస్తున్నది అత్తమ్మా" అనేవాడు, కూరగాయల బండివాడు పొరపాటున పది రూపాయలు ఎక్కువ తిరిగిస్తే వెనక్కి పరుగెత్తి ఇచ్చొచ్చేవాడు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా గొంతు తగ్గించి ఏదీ అడగలేదు. మామగారికి నిద్ర పట్టకుండా చేసింది అదే. ఇంత మంచివాడు ఉత్తినే ఎందుకుంటాడు?

ఒకసారి దుకాణంలో కూర్చోబెట్టి నేరుగానే అడిగాడు.

"గీడనే ఉంటా అంటున్నవు గదా నవోకి బాబు. మరి మన దేశం పౌరసత్వం తీస్కోరాదు?"

"తీస్కుంటే జపాన్‌ల నా పేరు కొట్టేస్తరు మామయ్యా. మా కానూన్ గట్లనే ఉన్నది. ఇష్టపడి ఇంకో దేశం పౌరుడు అయితే, ఆ రోజుతోని జపానోడు కాడు."

"కాకపోతే ఏమాయె? గాడ నీకేమున్నది?"

"అమ్మ ఉన్నది. నాయిన లేడు, కానీ మా ఖాందాన్ పేర్లు రాసి ఉంటయి సర్కారు దగ్గర. నాయిన పక్కన నా పేరు ఉన్నది. అది కొట్టేస్తే నాయిన ఒక్కడే అయితడు."

ఇంటికొచ్చాక ఆ మాట చెబితే విద్యావతి కళ్లు తుడుచుకుంది. రామచందర్ మాత్రం తన లెక్క తాను వేసుకున్నాడు. పోదలుచుకోనివాడు తలుపు తెరిచి ఎందుకు పెట్టుకుంటాడు?

మనుమడు పుట్టాక ఆ అనుమానానికి కాళ్లొచ్చాయి. ఎందుకంటే ఇప్పుడు పోవడానికి ఒక్క నవోకి మాత్రమే లేడు. ఆ పసివాడి పిడికిలిలో తన వేలు ఇరుక్కున్న రోజు నుంచి రామచందర్ దుకాణం ఆలస్యంగా తెరిచి పెందలాడే మూయడం మొదలుపెట్టాడు. పేరు పెట్టలేదు కాబట్టి అందరూ బబ్లూ అంటున్నారు. బబ్లూ నవ్వాడని ఒకరోజు, బోర్లా పడబోయాడని ఒకరోజు, పక్క దుకాణంవాళ్లను పిలిచి మరీ చెప్పేవాడు. బతుకులో ఆయన తూచకుండా నమ్మింది ఒక్క ఆ నవ్వునే. ఆ నవ్వు తన ఇంట్లోంచి పోతుందేమోనన్న భయం తప్ప ఆయనకు ఇంకో ఆలోచన లేకుండా పోయింది.

ఒక పొద్దున పై వాటా మెట్లెక్కేసరికి, నవోకి తెల్లటి దుప్పటి పరిచి దాని మీద పిల్లవాణ్ని పడుకోబెట్టి పైనుంచి ఫోటోలు తీస్తున్నాడు. తెల్లటి దుప్పటి! అబిడ్స్‌లో పుట్టి పెరిగినవాడికి, పాస్‌పోర్టు ఫోటోకే తెల్ల గుడ్డ పరుస్తారని ఒకరు చెప్పాలా? రామచందర్ చప్పుడు చేయకుండా కిందికి దిగి వచ్చాడు. ఆ సాయంత్రం నవోకి తల్లితో ఫోన్‌లో మాట్లాడుతుంటే గోడకు చెవి పెట్టినంత పని చేశాడు. అర్థమైంది ఒక్క బబ్లూ అన్న మాటే. అది మాత్రం చాలాసార్లు వినబడింది.

"మీకు పిచ్చి గిట్ల లేసిందా?" అంది విద్యావతి. "పోవాలనుకున్నోడు కంపెనీ పిలిచిన్నాడే పోతుండె గద!"

"అప్పుడు గీడ కొడుకు లేడు" అన్నాడు రామచందర్. "ఇప్పుడున్నడు."

మర్నాడు చిరాగ్ అలీ గల్లీలో ప్రేమ్‌రాజ్ ఆఫీసుకు పోయాడు. ప్రేమ్‌రాజ్ మెదక్ నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. వీసాలు, అటెస్టేషన్లు, తర్జుమాలు చేయించిపెడతాడు. ఇద్దరికీ పాత పరిచయం. రామచందర్ కుర్చీలో కూర్చుని, చాయ్ తాగి, వాతావరణం గురించి మాట్లాడి, చివరికి అడిగాడు.

"మా దుకాణానికి వచ్చేటాయన ఒకరున్నరు. వాళ్లింట్ల అల్లుడు జపానోడు. పిల్లగాడు గీడ పుట్టిండు. వాడు ఏ దేశపోడయితడు?"

ప్రేమ్‌రాజ్ నవ్వాడు. "హైదరాబాద్‌ల అట్లాంటి అల్లుళ్లు ఎంతమంది ఉంటరు సాబ్? బబ్లూకేనా?"

రామచందర్ దగ్గాడు. ప్రేమ్‌రాజ్ ఇంకేమీ అనకుండా సంగతి చెప్పాడు. తల్లి ఇండియా, పుట్టింది ఇక్కడే కాబట్టి ఇండియా పౌరుడు. తండ్రి జపాన్ కాబట్టి పుట్టుకతోనే ఆ దేశం పౌరుడు కూడా. మన దగ్గర రెండు పాస్‌పోర్టులు నడవవు. జపాన్‌వాళ్లు ఇరవై ఏళ్లు నిండేలోపు ఏదో ఒకటి ఎంచుకోమంటారు.

"కానీ ఒక మెలిక ఉంది సాబ్. బయట దేశంలో పుట్టి, రెండు పౌరసత్వాలున్న పిల్లల గురించి మూడు నెలల్లోపు జపాన్ కాన్సులేట్‌కు రాసియ్యాలి. జపాన్ పౌరసత్వం కూడా మాకు ఉండనియ్యండి అని అడగాలి. అడగకపోతే పోయినట్టే. పుట్టిన రోజు నుంచే లేనట్టు లెక్క."

"పోయినట్టేనా?" రామచందర్ ముందుకు వంగాడు. "మళ్ల వాళ్లు గుంజుకపోవడానికి లేదు?"

"ఆ దేశం పిల్లగాడే కాదంటరు. మీ అల్లుడికి తెలుసో లేదో, చాలామందికి తెల్వదు. జల్ది చెప్పండి."

"ఔ ఔ. ఇయ్యాలనే చెప్త." రామచందర్ అప్పటికే లేచి చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాడు.

"జర ఆగండి సాబ్, ఒకవేళ దాటిపోతే ఏమైతదో అది కూడా వినిపోండి..."

వినలేదు. తనకు కావలసిన ముక్క దొరికిన తరవాత మిగతాది వినే అలవాటు వ్యాపారస్తుల్లో తక్కువ. ఆ మెట్లు అంత హుషారుగా ఆయన ఈమధ్య కాలంలో దిగలేదు.

ఇక్కడ వాళ్లింటి ఆచారం ఒకటి చెప్పాలి. పిల్లవాణ్ని తొట్టెలలో వేసి, చెవిలో పేరు చెప్పేదాకా ఆ పేరు ఎవరూ బయటికి అనకూడదు, ఎక్కడా రాయకూడదు. ఇరవై ఒకటో రోజున జరగాల్సిన తొట్టెల వేడుక, చాదర్‌ఘాట్‌లో రామచందర్ చిన్నాన్న కొడుకు పోవడంతో మైల వచ్చి ఆగిపోయింది. అది ఎవరి తప్పూ కాదు. ఇక ముహూర్తం చూసి చేయాల్సిందే. నవోకి కూడా సరేనన్నాడు. పేరు పెట్టాకే పుట్టిన సర్టిఫికెట్ తీసుకుని చెన్నైలోని తమ కాన్సులేట్‌లో ఇస్తానన్నాడు.

"ఆలస్యం అయితే ఏమనరా?" అని అడిగింది మృదుల.

"ఎందుకు ఆలస్యమైందో ఒక కాగితం రాసియ్యాలె" అన్నాడు నవోకి నవ్వుతూ. "క్షమాపణ రాసుడు మావోళ్లకు అలవాటే. నాయిన పేరు కింద ఖాళీ జాగ పెట్టి ఇయ్యలేను కదా. పేరుతోనే ఇస్తా."

జపాన్‌లో పుట్టిన పిల్లల సంగతి అంతే. ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకుంటే సరిపోతుంది. బయట పుట్టిన పిల్లలకు వేరే కానూన్ ఉందని నవోకికి తెలియదు. తెలియదన్న సంగతి పక్క గదిలో పేపరు చదువుతున్నట్టు నటిస్తున్న రామచందర్‌కు ఆ రోజే తెలిసింది.

శ్రీహరి పంతులు పంచాంగం తిరగేసి చెప్పాడు. "వచ్చే బుధవారం ఒకటున్నది, బ్రహ్మాండంగ ఉన్నది. అది కాదంటే మూఢం మొదలైతది. ఇగ మూఢం పోయినంకనే."

"మూఢం ఎప్పుడు పోతది?"

పంతులు ఆ తారీఖు కూడా చెప్పాడు. రామచందర్ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. అప్పటికి మూడు నెలలు దాటి పైన పది రోజులు అవుతుంది. బుధవారమైతే చేతిలో బోలెడు సమయం ఉంటుంది.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని, మంచినీళ్లు తాగి అన్నాడు.

"మూఢం పోయినంకనే మంచి రోజున్నదట."

ఎవరూ మారు అడగలేదు. విద్యావతి పెదవి విరిచింది, మృదుల నిట్టూర్చింది, నవోకి క్యాలెండర్‌లో ఆ తారీఖు చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీశాడు. మామయ్య చెప్పాడంటే అంతే. అతనికి అది చాలు.

తరవాతి రోజుల్లో ఎవరైనా రామచందర్ ముఖం చూసి ఉంటే దొంగతనం చేసినవాడిలా ఉందని చెప్పేవారు. కానీ తను దాచాడు కాబట్టి, అల్లుడు కూడా ఏదో దాస్తున్నాడని ఆయన ఇంకా అనుమానించాడు. వీడు తొందర పెట్టడం లేదేం? లోపాయికారిగా ఎప్పుడో కాగితాలు ఇచ్చేశాడా? ఎవరికీ చెప్పకుండా చెన్నై పోయి వచ్చాడా? అబిడ్స్‌లో క్లాసు నడుస్తోందో లేదోనని ఒకరోజు జీపీఓ దగ్గర ఆటో దిగి, ఆ మేడ కింద నిలబడి పైనుంచి వచ్చే పిల్లల గొంతులు విన్నాడు. క్లాసు నడుస్తూనే ఉంది. నవోకి ఏదో చెబుతుంటే పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. రామచందర్‌కు ఒక్క క్షణం సిగ్గేసింది. బుధవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. పంతులు మళ్లీ కబురు పంపాడని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఇంటికి పోయేసరికి బబ్లూ ఆయన్ని చూసి కాళ్లు కొట్టుకుంటూ కేరింతలు పెట్టాడు. మాట కాస్తా మింగేశాడు.

బుధవారం వచ్చింది, పోయింది. మూఢమూ పోయింది.

తొట్టెల ఘనంగా జరిగింది. గల్లీ అంతా వచ్చింది. ప్రేమ్‌రాజ్‌ను మాత్రం రామచందర్ పిలవలేదు. జపాన్ నుంచి నవోకి తల్లి పంపిన పార్శిల్ కూడా సరిగ్గా ఆ రోజే అందింది. అందులో నీలం రంగు పూల కుట్టు ఉన్న చిన్న అంగీ. కొలతలు సరిగ్గా కుదిరాయి.

"మనుమణ్ని చూడకనే ఇంత సరిగ్గ ఎట్ల కుట్టింది మీ అమ్మ?" అని విద్యావతి ఆశ్చర్యపోయింది.

"తెల్ల దుప్పటి మీద పండబెట్టి, పక్కన టేపు పెట్టి ఫోటో తీసి పంపిన అత్తమ్మా" అన్నాడు నవోకి.

రామచందర్ ఆ అంగీ గుండీల వైపు చాలాసేపు చూశాడు. తరవాత తండ్రి వంగి కొడుకు చెవిలో పేరు చెప్పాడు: భానుతేజ. బియ్యం పళ్లెంలో ఉంగరంతో ఆ పేరు రాశారు. ఆడవాళ్లు పాట అందుకున్నారు. ఆ హడావిడిలో శ్రీహరి పంతులు తాంబూలం అందుకుంటూ విద్యావతితో అన్నాడు. "మంచిగైందమ్మా. నేను మొదలు చెప్పిన బుధవారం ఇంకా మంచిగుండె. మీకు కుదరలేదాయె."

విద్యావతి రెండు తమలపాకులు ఎక్కువ పెట్టి ఆయన్ని సాగనంపింది. అందరూ పోయాక భర్తను అడిగింది.

"పంతులు రెండు రోజులు చెప్పిండట గద?"

"ఏమో. యాదికి లేదు" అన్నాడు రామచందర్.

కాంటా కొన్న ప్రతివాడి ముఖమూ గుర్తుండే మనిషికి యాదికి లేదట! ఆ రోజు నుంచి ఆమె ఆయనకు అన్నం వడ్డించేటప్పుడు ముఖం వైపు చూడడం మానేసింది.

సర్టిఫికెట్ చేతికి రాగానే నవోకి చెన్నై రైలెక్కాడు. తిరిగి వచ్చిన రోజు మధ్యాహ్నం అందరూ ముందు గదిలోనే ఉన్నారు. భానుతేజ తాత ఒళ్లో ఉన్నాడు. నవోకి చెప్పులు ఎక్కడ విడిచాడో చూసుకోలేదు, ఒకటి గడప మీదే ఉండిపోయింది. వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"బాబు జపాన్ పిల్లగాడు కాదట" అన్నాడు. "మూడు నెలలు దాటింది. దాటితే రాసుకోరట. పేరు ఖాళీగ పెట్టి ఇచ్చినా తీస్కుంటుండిరట. నాకు తెల్వదు. చదువుకోవాలె కదా నేను. చదవలేదు."

మృదుల అతని పక్కన కూర్చుంది. "ఇగ ఏం చేయలేమా?"

"ఒకటే దారి ఉన్నది. పద్దెనిమిది ఏండ్లు నిండకముందు, బాబు జపాన్‌ల కాపురం ఉంటే, అడిగి మళ్ల తెచ్చుకోవచ్చు. చూసి వచ్చుడు కాదు. గాడ ఇల్లు పెట్టుకొని ఉండాలె."

రామచందర్ చేయి పిల్లవాడి వీపు మీద ఆగిపోయింది.

"ఎందుకు తెచ్చుకోవాలె?" అన్నాడు. "మన దేశం ఉన్నది గదా వానికి. నువ్వు గీడనే ఉంటనంటివి గదా!"

"ఉండాలనే అనుకున్న మామయ్యా. బాబు పేరు గాడ రాసి ఉంటే, మేము ఎన్నడూ పోకపోతుంటిమి. వాడు పెద్దగైనంక వాడే ఎంచుకుంటుండె. ఇప్పుడు నా తెలివితక్కువతోని వానికి ఎంచుకునేదే లేకుండ పోయింది. అది నేను సరిచేయాలె."

"నేను కూడా అదే అంటున్న" అంది మృదుల. ఏడుస్తూనే, కానీ గట్టిగా అంది. "వాళ్ల నాయిన తరఫు మొత్తం పోయినట్టు ఎట్ల ఊకుంటం నాన్నా? పోతం. ఎన్నేండ్లయితదో తెల్వదు. గాడ బడిల ఏస్తే, ఇగ మధ్యల తీస్కరాలేము."

అప్పుడు నవోకి మోకాళ్ల మీదికి లేచి, రెండు చేతులూ నేలకు ఆనించి, నుదురు దాదాపు గచ్చుకు తగిలేలా రామచందర్ ముందు వంగాడు.

"మన్నించున్రి మామయ్యా. మీ దగ్గర నుంచి బాబును తీస్కపోతున్న. తప్పు నాది."

ఆ వంగిన తల వైపు చూసి రామచందర్ ఓర్చుకోలేకపోయాడు. ఎవడైనా తిట్టి ఉంటే తట్టుకునేవాడు. విద్యావతి గోడకు ఆనుకుని నిలబడి, చాలా రోజుల తరవాత ఆయన ముఖంలోకి సూటిగా చూస్తోంది. ఆ నిజం ఆమె చెబితే తను ఒప్పుకున్నట్టు కాదు. చెప్పదని కూడా ఆయనకు తెలుసు.

"లే బాబు" అన్నాడు. "లే. తప్పు నీది కాదు. పంతులు రెండు తారీఖులిచ్చిండు. ముందుగాల బుధవారం చెప్పిండు. నేనే మీకు చెప్పలే."

మృదులకు అర్థం కాలేదు. "మర్చిపోయినవా నాన్నా?"

"లేదు. మూడు నెలల ముచ్చట నాకు ఎరికే. ప్రేమ్‌రాజ్ చెప్పిండు, నవోకికి చెప్పమని కూడా అన్నడు. చెప్పలే. ఆ దేశపోడు కాకపోతే నా దగ్గరనే ఉంటడనుకున్న."

గల్లీలో ఎవరో బండి స్టార్ట్ చేసి పోయారు. మృదుల లేచి వచ్చి, తండ్రి ఒళ్లోంచి కొడుకును తీసుకుంది. ఆయన చేతులు వదిలాయి, పిల్లవాడి పిడికిలి మాత్రం చొక్కా గుండీని వదల్లేదు. ఆమె ఒక్కొక్క వేలే విడదీసింది.

నవోకి నెమ్మదిగా లేచి కూర్చున్నాడు. అతని ముఖంలో కోపం లేదు. నాలుగేళ్లుగా ఈ ఇంట్లో ఎవరేం చెబితే అది నమ్మిన మనిషి, మామగారి వైపు ఇప్పుడు ఒక కొత్త చూపు చూశాడు. ఆ చూపు రామచందర్‌కు బాగా తెలుసు. దుకాణంలో కూర్చుని తను అందరినీ చూసేది అలాగే.

"ఇంకేమన్న ఉన్నదా మామయ్యా?" అన్నాడు. "మాకు చెప్పనిది?"

"లేదు. ఇగేం లేదు" అన్నాడు రామచందర్.

నిజమే చెప్పాడు. ఆ గదిలో ఎవరూ నమ్మలేదు.